మగ్గం చెవులు

సింధూజ చదివే చదువేమిటో సూరత్ మగ్గాల పేట లింబాయత్‌లో ఎవరికీ అర్థం కాలేదు. అర్థం కాకపోవడం వాళ్ళ తప్పూ కాదు. నర్సంటే తెలుసు, డాక్టరంటే తెలుసు. ఈ రెంటికీ నడుమ ఇంకో పై చదువుందని, అది రెండేళ్ళ పీజీ కోర్సని, నర్సింగు డిగ్రీ చేసి ఐసీయూలో పనిచేసి వచ్చినవాళ్ళకే అందులో సీటిస్తారని వాళ్ళకెవరు చెప్పాలి? పక్కింటి సారక్క అయితే మొహం మీదే అడిగేసింది.

"నర్సు నౌక్రీ దొరికినంక మల్ల గీ బడి ఏందే పిల్లా? డాక్టరువైతవా?"

"కాను సారక్కా. నర్స్ ప్రాక్టీషనర్ అంటరు. పానం మీదికొచ్చినోళ్ళను మేమే పరీక్ష జేస్తం, ఏమైందో సోంచాయిస్తం, డాక్టరుతోని మాట్లాడి వైద్యం నడిపిస్తం."

"అంటే సగం డాక్టరువన్నట్టు."

"సగం గాదు, నిండు నర్సునే."

"ఏమో తల్లీ, నువ్వు చెప్తనే ఉన్నవు, నాకు ఎక్కుతనే లేదు," అని సారక్క కొంగు దులుపుకుని వెళ్ళిపోయింది. తల్లి బాలవ్వ లోపలినుంచి నవ్వింది. ఆమెకూ ఎక్కలేదని ఆ నవ్వే చెప్పేసింది.

తండ్రి అంబదాస్ సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి మీసాలు రాని వయసులో సూరత్ వచ్చి, తల నెరిసేదాకా పవర్‌లూమ్ కార్ఖానాలోనే ఉన్నాడు. ఆ కార్ఖానా చప్పుడు వినని వాళ్ళకు చెప్పడం కష్టం. అన్ని మగ్గాలూ ఒక్కసారి కొట్టుకుంటుంటే పక్కన నిలబడ్డ మనిషి అరిచినా వినబడదు. అందుకని అక్కడి మాటలు మూతి కదలికతో, చేతి సైగలతో నడుస్తాయి. బొటనవేలు పెదవికి ఆనిస్తే చాయ్. లేని మీసం మెలేస్తే యజమాని సేఠ్ వస్తున్నాడని. తండ్రికి టిఫిన్ డబ్బా తీసుకెళ్ళే చిన్నప్పుడు సింధూజ ఆ మీసం సైగ నేర్చుకుని, బళ్ళో హెడ్మాస్టరు వస్తుంటే చేసి తన్నులు తిన్నది.

ఏళ్ళ తరబడి ఆ హోరులో నిలబడితే చెవులేమవుతాయో వేరే చెప్పాలా? ఆ వీధుల్లో మగ్గం నడిపిన మగవాళ్ళందరికీ వినికిడి అంతంతే. కానీ దాన్ని జబ్బని ఎవరూ అనరు. మగ్గం చెవులంటారు, తల నెరవడమెంతో అదీ అంతే. ఇంట్లోవాళ్ళు ఎదుట నిలబడి, మూతి కనబడేలా, గట్టిగా మాట్లాడతారు. రోజులు గడిచిపోతాయి. ఆసుపత్రికి పోతే బీపీ సంగతి చెబుతారు, షుగరు సంగతి చెబుతారు, చెవుల సంగతి చెప్పాలని ఏ ఇంట్లోనూ ఎవరికీ తోచదు.

సింధూజ ఈ చదువులో చేరడానికి ఒక కారణం ఉంది. అంతకుముందు ఆమె వేరే ఆసుపత్రి ఐసీయూలో స్టాఫ్ నర్సు. ఒకరోజు ఒక ఆటో డ్రైవరు ఊపిరి తీరు మారిందని గమనించి డ్యూటీ డాక్టరుకు చెప్పింది. ఆయన తలెత్తి మానిటర్ చూసి, "అంతా బాగానే ఉంది, నువ్వెళ్ళి మందులియ్యి సిస్టర్" అన్నాడు. సాయంత్రానికి ఆ ఆటో డ్రైవరు లేడు. ఆమె ఇంటికొచ్చి అన్నం ముట్టకుండా కూర్చుంటే బాలవ్వ గదమాయించింది. "నేను చెప్పిననే అమ్మా. నర్సు మాట కదా, ఎవ్వరు ఇనలే. మంచం కాడ నా మాట నిలబడాలె. అంతదాంక చదువుత," అంది సింధూజ. ఆమె కోరుకున్నదల్లా అదే.

రెండు వేల పంతొమ్మిది చివర్లో ఒక ట్రస్టు ఆసుపత్రి కాలేజీలో సీటొచ్చింది. చదువు పేరుకే క్లాసు, నడిచేదంతా ఐసీయూలోనే. నేర్పేది కమలాదేవి మేడమ్. కాకినాడ మనిషి. భర్తకు హజీరాలో ఉద్యోగమని సూరత్ వచ్చి ఇక్కడే స్థిరపడింది. మనిషి మెత్తన, పాఠం మాత్రం మహా కఠినం. "చూడమ్మా, ముందు నువ్వు చూసింది చెప్పు. అనుకున్నది తర్వాత చెబుదువుగాని. చూసింది మింగేసి అనుకున్నది చెప్పావంటే, డాక్టరుగారు నీ ఊహకి వైద్యం చేస్తారు, రోగికి కాదు," అనేది. తప్పు చెబితే మళ్ళీ మంచం దగ్గరికి పంపేది. రోగి ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టడం, రక్తపరీక్ష చదవడం, దానికీ దీనికీ ముడిపెట్టి ఆలోచించడం సింధూజ అలా తిట్లు తింటూనే నేర్చుకుంది.

అప్పుడే కదా ఆ మాయదారి రోగం వచ్చిపడింది! మగ్గాలు ఆగిపోయాయి. ఎప్పుడూ హోరెత్తే వీధుల్లో పిచ్చుకల అరుపు వినబడిందని బాలవ్వ ఫోన్‌లో ఆశ్చర్యపోయింది. అంబదాస్‌కు అదీ వినబడలేదు. సగం వీధి లారీలెక్కి, రైళ్ళెక్కి ఊళ్ళకు పోయింది. సింధూజ ఆసుపత్రి హాస్టల్లో చిక్కుకుపోయింది. క్లాసులు ఫోన్లలోకి వెళ్ళాయి గానీ ఐసీయూ పని రెట్టింపైంది. ఏడాది అలా గడిచి, ఇక తగ్గిందిలే అనుకుంటుండగా, ఇరవై ఒకటి ఏప్రిల్‌లో రెండో అల వచ్చి నెత్తిన పడింది. మంచం కోసం గేటు బయట అంబులెన్సులు వరసకట్టిన రోజులవి.

ఆ రోజుల్లోనే పదకొండో మంచం మీదికి సోమలింగం వచ్చాడు. అరవై దాటిన మనిషి, లింబాయత్‌లోనే వేరే గల్లీ. కొడుకు గోపాల్ పాండేసరలో రంగుల మిల్లులో పనిచేస్తాడు. ఇంటివాళ్ళను లోపలికి రానివ్వరు కాబట్టి సింధూజ గోపాల్‌తో ఫోన్‌లోనే మాట్లాడింది.

"ఇదివరకు ఏమన్న బీమారీలు ఉన్నయా అన్నా?"

"బీపీ గోలి ఏస్కుంటడక్కా. ఇంకేం లేదు. మంచిగనే ఉంటుండె."

మాట తెలుగు, గల్లీ తెలిసిన గల్లీ. అడిగింది మగ్గం మనిషి బిడ్డ, చెప్పింది మగ్గం మనిషి కొడుకు. చెవుల ఊసు ఇద్దరిలో ఎవరికీ రాలేదు.

మర్నాడు పొద్దున సింధూజ ఆయన దగ్గరికి వెళ్ళింది. ముక్కూ నోరూ బిగించి ఆక్సిజన్ తోసే మాస్కు పెట్టి ఉంది. ఆయన దాన్ని లాగేస్తున్నాడు. నర్సులు మళ్ళీ పెడుతున్నారు. "పెద్దబాపూ, మీ పేరేంది? గిది ఏ ఊరు?" అని అడిగింది. పలకలేదు. "నా చెయ్యి వట్టి పిండుండ్రి," అంది. పిండలేదు. ఆమెకేసి గుడ్లప్పగించి చూశాడు. తర్వాత రెండు చేతులూ ముందుకెత్తి, వేళ్ళతో గాలిలో ఏదో పీకుతున్నట్టు చేశాడు. మళ్ళీ అదే. మళ్ళీ అదే.

గాలిలో పీకడం అనగానే సింధూజకు పుస్తకం కళ్ళముందు నిలబడింది. అంతకుముందు వారమే ఆమె డెలీరియం మీద, అంటే జబ్బు తీవ్రతలో మతి తప్పడం మీద, సెమినార్ చెప్పింది. మతి తప్పిన రోగి గాలిలో లేని దారాలు పీకుతాడని తన నోటితోనే చెప్పి చప్పట్లు కొట్టించుకుంది. ఒక్కటి మాత్రం కుదరలేదు. మతి తప్పేంత చెడు ఆయన రక్తపరీక్షలో కనబడలేదు. జ్వరం వల్లేమోలే అని సర్దుకుంది.

రౌండ్స్‌కు డాక్టర్ జరీవాలా వచ్చాడు. ఐసీయూ పెద్ద ఆయనే. సూరత్‌లో పుట్టి పెరిగినవాడు, మంచివాడే, కానీ వారాల తరబడి సరిగా నిద్ర లేదు. "పదకొండు సంగతేంటి సిస్టర్?" అన్నాడు.

"మతి తప్పింది సర్. చెప్పింది అందుకోవడం లేదు, మాస్కు ఉంచుకోవడం లేదు," అంది సింధూజ.

వేళ్ళ సంగతి ఆమె చెప్పలేదు. పేరు అడిగితే ఎలా చూశాడో చెప్పలేదు. అనుకున్నది చెప్పింది.

మామూలు రోజుల్లో అయితే ఆయన తనే వంగి చూసేవాడు. ఆ రోజు, "నువ్వు చూశావు కదా, చాలు. మతిలో లేని మనిషికి మాస్కు నిలవదు. గొంతులో గొట్టం వేసి వెంటిలేటర్ మీద పెడదాం. మిషన్ ఖాళీ అవగానే చెయ్యండి," అని తర్వాతి మంచానికి వెళ్ళిపోయాడు.

ఇంతకాలం ఆమె కోరుకున్నది అదే కదా. మంచం దగ్గర ఆమె మాట నిలబడింది! చెప్పొద్దూ, అంత అలసటలోనూ సింధూజకు లోపల చిన్న గర్వం కలిగింది. ఆ వయసువాళ్ళు వెంటిలేటర్ మీదికి వెళితే తిరిగి ఇంటికి పోయేది తక్కువేనని ఆ నెలలో అక్కడ పనిచేసిన అందరికీ తెలుసు. ఆమెకూ తెలుసు. కానీ వేరే దారి లేదనుకుంది.

విరామంలో ఆ ప్లాస్టిక్ సూటు విప్పి, విశ్రాంతి గదిలో కూర్చుని ఇంటికి వీడియో కాల్ చేసింది. గదిలో ఇంకో నలుగురు ఉన్నారు కాబట్టి మొహం మీది మాస్కు తియ్యలేదు. బాలవ్వ కూరగాయలకు పోయి ఉంది, తెర వెలగడం చూసి ఫోన్ అంబదాస్ ఎత్తాడు.

"బాపూ, తిన్నవా? పానం మంచిగున్నదా?"

అంబదాస్ పలకలేదు. గుడ్లప్పగించి తెర వైపు చూశాడు. ఫోన్ అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, తొడకేసి రెండు దెబ్బలు కొట్టాడు. మళ్ళీ ఎదురుగా నిలబెట్టి, రెండు చేతులూ ఎత్తి, వేళ్ళ కొసలు ఒకచోట కలిపి చటుక్కున విడదీశాడు. మళ్ళీ కలిపి మళ్ళీ విడదీశాడు.

పోగు తెగింది.

కార్ఖానాలో దారం తెగితే అవతలి మగ్గం మనిషికి చెప్పే సైగ అది. ఫోన్‌లో మాట తెగిపోయిందనుకుని కూతురికి అదే చెబుతున్నాడు. ఆ సైగ సింధూజకు అక్షరాలు రాకముందు నుంచీ తెలుసు.

"మూతి మీది గుడ్డ తియ్యరాదే బిడ్డా! ఏమంటున్నవో ఏం సమజైతలేదు!" అని అంబదాస్ అరిచాడు.

"అయ్యో! అయ్యయ్యో!" అని సింధూజ పైకే అనేసింది. గదిలో వాళ్ళు ఉలిక్కిపడి చూశారు. అప్పటికే ఆమె లేచి పరుగు తీసింది.

పరుగు తీస్తే సరిపోతుందా? ఆ సూటు మళ్ళీ తొడుక్కోవాలి. ఒక్కటి తప్పినా లోపలికి పోనివ్వరు. గ్లవ్స్ మీద గ్లవ్స్, మాస్కు, కళ్ళద్దాలు, మొహానికి షీల్డు. తొందరలో జిప్ ఎక్కలేదు. తనను తాను తిట్టుకుంటూ, వెంటిలేటర్ ఇంకా ఖాళీ కాకూడదు దేవుడా అని మొక్కుకుంటూ తొడుక్కుంది. ఒకరి మిషన్ ఖాళీ అవడమంటే ఏమిటో తెలిసి కూడా ఆ ఒకరి ప్రాణం కోసం మొక్కుకోనందుకు తర్వాత సిగ్గుపడింది.

వెళ్ళేసరికి మిషన్ పదకొండో మంచం పక్కనే ఉంది. మత్తు డాక్టరు సిరంజిలోకి మందు ఎక్కిస్తున్నాడు.

"ఆగండి సర్! ఒక్క నిమిషం ఆగండి!"

ఆమె ముసలాయన ఎదుట నిలబడింది. మూతి చూపించే దారి లేదు. చేతులెత్తి, వేళ్ళ కొసలు కలిపి చటుక్కున విడదీసి, ఏం తెగిందన్నట్టు అరచెయ్యి తిప్పింది.

సోమలింగం చేతులు ఆగిపోయాయి. ఆమె కళ్ళలోకి చూశాడు. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. తనూ అదే సైగ చేసి, వేలు తెచ్చి మాస్కు మీద ముక్కు దగ్గర పెట్టాడు. సింధూజ మాస్కు అంచు మెల్లగా ఎత్తి చూసింది. ముక్కు మీద చర్మం చీలి ఎర్రగా మాంసం కనబడుతోంది. తెల్లారినప్పటి నుంచి ఆ మనిషి కనబడిన ప్రతివాళ్ళకూ ఒక్కటే మాట చెబుతున్నాడు, ముక్కు తెగింది, నొప్పి తట్టుకోలేకపోతున్నానని. అందరూ కలిసి ఆయనకు మతి లేదని తేల్చారు. తేల్చింది తనే.

కబురు విని జరీవాలా వచ్చాడు. "పొద్దున నువ్వే కదా మతి తప్పిందన్నావు?"

"అన్నాను సర్. తప్పు చెప్పాను. ఆయనకు వినబడదు. మగ్గం నడిపిన మనిషి, మూతి చూసి అర్థం చేసుకుంటాడు. ఇక్కడ ఒక్కరి మూతీ కనబడదు."

"పొద్దున ఒక మాట, ఇప్పుడొక మాట. ఏది నమ్మాలి నేను?"

సింధూజ ఇన్నాళ్ళకు నిలబడిన మాటను తన చేత్తోనే పడగొట్టుకుంటోంది మరి. "నా మాట నమ్మకండి సర్. మీరే చూడండి," అంది.

ముసలాయన వైపు తిరిగి జరీవాలాను వేలితో చూపించి, షీల్డు మీదే లేని మీసం మెలేసింది. సోమలింగం కంగారుపడి దుప్పటి సర్దుకుని, మోచేతుల మీద లేచి కూర్చోబోయాడు. అంతలో సంగతి తెలిసి, మాస్కు లోపల నవ్వాడు. ఆ నవ్వుకు దగ్గొచ్చింది, దగ్గుతూ కూడా నవ్వాడు.

"ఏం చెప్పావు?" అన్నాడు జరీవాలా.

"సేఠ్ వచ్చాడని సర్."

జరీవాలా వంగి, తనే ఆయన చెయ్యి పట్టుకుని నొక్కాడు. సోమలింగం తిరిగి నొక్కాడు. "సాయంత్రం దాకా చూద్దాం. బోర్లా పడుకోబెట్టు. ఆక్సిజన్ జారితే మాత్రం గొట్టమే, అప్పుడు నన్ను ఆపకు," అన్నాడు. మత్తు డాక్టరు సిరంజి పక్కన పెట్టాడు.

సింధూజ ముక్కు మీద మెత్తటి పట్టీ అంటించి, మాస్కు మార్చి, అరచెయ్యి వెల్లకిలా పెట్టి బోర్లా తిప్పి చూపించింది. బట్ట తిరగెయ్యమని కార్ఖానాలో చెప్పే సైగ. ఆయన చిన్నపిల్లాడిలా బోర్లా తిరిగాడు. ఇక మాస్కు జోలికి పోలేదు. మధ్యాహ్నం ఒకసారి ఆక్సిజన్ అంకె పడిపోతే ఆమె మంచం దగ్గర్నుంచి కదల్లేదు. మళ్ళీ మెల్లగా ఎక్కింది. సాయంత్రం జరీవాలా వచ్చి చూసి, వెంటిలేటర్‌ను వేరే మంచానికి తోయించాడు.

సోమలింగం బతికాడు. వార్డుకు వెళ్ళి, అక్కడ్నుంచి నడుచుకుంటూ ఇంటికి వెళ్ళాడు. గేటు దగ్గర గోపాల్ ఏడ్చేశాడు. "చెవుల సంగతి చెప్పాల్నని ఎర్కలేకపాయె అక్కా."

"నాకే ఎర్కలేకపాయె గోపాలన్నా, నిన్నేమంట," అంది సింధూజ.

కమలాదేవి మేడమ్ దగ్గరికి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పింది. మేడమ్ తిట్టలేదు. తిడితేనే బాగుండేదనిపించింది. మర్నాటి నుంచి, చేర్చుకునేటప్పుడే ఇంటివాళ్ళను 'మనిషికి వినబడుతుందా' అని అడగడం ఆ ఐసీయూలో అలవాటైంది. మగ్గం సైగలు నలుగురు నర్సులకు సింధూజే నేర్పింది. మీసం సైగ నేర్పకముందే అందరికీ వచ్చేసింది.

వాయిదాల మీద వాయిదాలు పడి ఆఖరి పరీక్ష చలికాలంలో జరిగింది. బయటి కాలేజీ నుంచి వచ్చిన పరీక్షకురాలు నెరిసిన జుట్టు మనిషి. "నువ్వు చూసిన రోగుల్లో ఒక్కరి గురించి చెప్పమ్మా," అంది. సింధూజ సోమలింగం గురించి చెప్పింది. ఈసారి చూసింది ముందు, అనుకున్నది తర్వాత. తన తప్పు దాచలేదు. గొట్టం ఆగిందని, మనిషి ఇల్లు చేరాడని చెప్పేటప్పుడు గొంతులో సంతోషం ఆపుకోలేకపోయింది. కమలాదేవి కూడా చిన్నగా నవ్వింది.

పరీక్షకురాలు నవ్వలేదు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"బాగుంది. ఆయనకంటే ముందు, ఆ ఏడాదంతా, నువ్వు మతి తప్పిందని చెప్పినవాళ్ళలో మగ్గం మనుషులు ఎంతమంది?"

సింధూజకు మొదటి అలలో లింబాయత్ నుంచి వచ్చిన ముసలివాళ్ళు ఒక్కొక్కరే గుర్తొచ్చారు. మొహాలు కాదు, మాస్కుల పైన కళ్ళు. చేతులు మంచానికి కట్టించింది కొందరికి. వాళ్ళ చేతులు ఏం చెబుతుండేవో గుర్తు తెచ్చుకోబోయింది. గుర్తు రాలేదు, ఎందుకంటే అప్పుడు చూడలేదు.

"తెలియదు మేడమ్," అంది.

"కూర్చో అమ్మా," అంది ఆవిడ. ఇంకో ప్రశ్న అడగలేదు.

ఫలితాలొచ్చాయి. సింధూజ ఫస్ట్ క్లాసులో పాసైంది. ఆ సాయంత్రం ఇంటికి వస్తే సారక్క పాలకోవా పేడాల డబ్బా పట్టుకుని గడప దగ్గరే నిలబడి ఉంది. "ఇగో, మా నిండు నర్సు వచ్చింది!" అని నోట్లో కుక్కింది. నోట్లో పేడా పెట్టుకునే సింధూజ భోరుమని ఏడ్చింది. సంతోషం పట్టలేక ఏడుస్తోందని బాలవ్వ తనూ కళ్ళొత్తుకుంది.

అంబదాస్ మాత్రం స్టూలు లాక్కుని కూతురి ఎదురుగా కూర్చున్నాడు. "ఏమైంది బిడ్డా? పాసైతివి గదా, ఎందుకేడుస్తున్నవ్?"

సింధూజ కొంగుతో మొహం తుడుచుకుని, ఆయనకు మూతి కనబడేలా నెమ్మదిగా చెప్పింది. "నీ అసుంటోళ్ళే బాపూ. ఎంతమంది నాకు చేతులెత్తి చెప్పిన్రో. ఒక్కల్ల దిక్కు గూడ సక్కగ చూడకపోతిని. పానం ఉన్న మాటను మతి లేదంటిని. గిప్పుడు వాళ్ళు లేరు."

ఆమె మాట పూర్తయ్యేదాకా ఆయన ఆ పెదవుల మీంచి చూపు తియ్యలేదు. తర్వాత తల దించుకుని తన చేతుల వంక చాలాసేపు చూసుకున్నాడు. నీ తప్పు కాదని ఆయన అనలేదు.

"ఇగ చూస్తవు గద," అన్నాడు. వినబడని మనిషి కదా, గల్లీ అంతా వినబడేంత గట్టిగా అన్నాడు.